ఎంత పెద్దదైతే అంత నిజం

రేడియో కంట్రోల్ జెట్ ఎగిరే వీడియో మొదటిసారి చూసినవాళ్లు సాధారణంగా అడిగే మాట ఒకటుంది: "ఇది నిజం విమానమా, బొమ్మా?" రన్‌వే మీద పరుగెత్తుతుంది, ముక్కు ఎత్తుతుంది, చక్రాలను కడుపులోకి ముడుచుకుంటుంది, వెనక వేడిగాలి వణుకుతూ కనిపిస్తుంది. నిజమే కాబోలు అనుకునేలోపు దిగివచ్చిన విమానం పక్కకు ఒక మనిషి నడిచి వస్తాడు. కాక్‌పిట్ అతని నడుము ఎత్తుకైనా రాదు. అప్పుడు రెండో ప్రశ్న పుడుతుంది: "లోపల మనిషే లేడు కదా, పడిపోతే మాత్రం ఏం ప్రమాదం?"

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకేచోట ఉంది. ఈ విమానాలకు అంత నిజమైన అందాన్ని ఇచ్చేదేదో, వాటిని ప్రమాదకరం చేసేదీ అదే. ఆ రెండింటినీ విడదీయడం కుదరదు. అదెలాగో చూద్దాం.

ముందు, పెద్దది అంటే ఎంత పెద్దది? అమెరికాలో భారీ నమూనాల అభిమానులు పెట్టుకున్న కొలత ప్రకారం జెట్ అయితే పొడవు, రెక్కల వెడల్పు కలిపి 140 అంగుళాలు, అంటే మూడున్నర మీటర్లు ఉండాలి. లేదా అసలు విమానంలో నాలుగో వంతుకు తగ్గకూడదు. మనకు దగ్గరి ఉదాహరణ హాక్. బీదర్ వైమానిక స్థావరంలో మన యుద్ధవిమాన పైలట్లు శిక్షణ పొందేది దాని మీదే. సూర్యకిరణ్ బృందం విన్యాసాలు చేసేదీ దానితోనే. అసలు హాక్ పొడవు సుమారు 12.4 మీటర్లు. నాలుగో వంతు నమూనా మూడు మీటర్లు దాటుతుంది, రెక్కల వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. దాన్ని తీసుకెళ్లడానికి వ్యాను కావాలి, మైదానంలో బిగించడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఈ అధ్యాయం పొడవునా ఈ హాక్‌నే మన మనసులో ఉంచుకుందాం.

గురుత్వాకర్షణకు నమూనా ఉండదు

అరచేతి పొడవున్న ఆటబొమ్మ విమానం ఎంత బాగా చేసినా, గాల్లో అది ఈగలా చటుక్కున తిరుగుతుంది. మూడు మీటర్ల హాక్ మాత్రం ఒక పెద్ద వంపు తీసుకుంటూ నింపాదిగా తిరుగుతుంది. చూసేవాళ్ల కన్ను మోసపోయేది అక్కడే. రంగులూ, రివెట్లూ తర్వాతి సంగతి. ఆ కదలికలోని నిదానం ఎక్కడి నుంచి వస్తుంది?

విమానాన్ని చిన్నది చేయగలం కానీ భూమి ఆకర్షణను చిన్నది చేయలేం. అసలు విమానానికీ నమూనాకూ కిందికి లాగే బలం ఒకే తీరుగా పనిచేస్తుంది. ఒక వస్తువు నాలుగింతల ఎత్తు నుంచి పడటానికి రెండింతల సమయమే పడుతుంది, నాలుగింతలు కాదు. ఈ లెక్కను నమూనాల తయారీలో పద్ధతిగా వాడినవాడు పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ ఇంజనీరు విలియం ఫ్రూడ్. ఆయన ఓడల నమూనాలను నీటి తొట్టెలో లాగి చూసి, అసలు ఓడ అలల మీద ఎలా నడుస్తుందో ముందే చెప్పే దారి కనిపెట్టాడు. ఆయన సూత్రం ప్రకారం నాలుగో వంతు నమూనా సగం వేగంతో వెళ్తే అసలుదానిలాగే కదులుతున్నట్టు ఉంటుంది. సినిమాల్లో చిన్న ఓడలను, కూలే ఆనకట్టల నమూనాలను ఎక్కువ వేగంతో చిత్రించి నెమ్మదిగా చూపించేది కూడా ఇందుకే.

ఇప్పుడు లెక్క చూడండి. అసలు హాక్ గంటకు 600 కిలోమీటర్లతో మన ముందు నుంచి వెళ్తే ఎలా ఉంటుందో, నాలుగో వంతు హాక్ 300 కిలోమీటర్లతో వెళ్తే అలా ఉంటుంది. అసలుది 20 సెకన్లలో పూర్తి చేసే గుండ్రటి పల్టీని ఇది 10 సెకన్లలో చేస్తుంది. కంటికి ఆ పది సెకన్లు చాలినంత నిదానం. అదే నమూనాను ముప్పై ఆరో వంతుకు తగ్గిస్తే పల్టీ మూడు సెకన్లలో అయిపోవాలి. అప్పుడది విమానంలా అనిపించదు. అంటే నిజమనిపించాలంటే పెద్దది కావాలి, పెద్దదైతే వేగం పెరగాలి. అందంతో పాటే ప్రమాదం కూడా ఇక్కడే లోపలికి వచ్చేసింది.

రెండో కారణం గాలి జిగట. తేనెలో చెంచా కదిపినంత కాకపోయినా, గాలికి కూడా కొంత జిగట ఉంది. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త గాజు గొట్టంలో పారే నీటిలోకి సన్నని రంగు ధారను వదిలి, అది ఎప్పుడు తిన్నగా సాగుతుందో, ఎప్పుడు చెదిరి సుడులు తిరుగుతుందో చూశాడు. ప్రవాహం వేగం, వస్తువు పరిమాణం, ద్రవం జిగట కలిసి దాన్ని నిర్ణయిస్తాయని తేల్చాడు. ఆ మూడింటినీ కలిపి చెప్పే అంకెకు ఆయన పేరే ఉండిపోయింది. చిన్న థర్మోకోల్ విమానం రెక్కకు ఆ అంకె వేలల్లో ఉంటుంది. అంటే దానికి గాలి చాలా జిగటగా తగులుతుంది, రెక్క మీద నుంచి తొందరగా ఊడిపోతుంది. మన హాక్ రెక్కకు అది పది లక్షలు దాటుతుంది. అసలు హాక్‌కు కోటి పైన. పది లక్షలు దాటాక గాలి రెక్కను బాగా అంటిపెట్టుకుని పారుతుంది. భారీ నమూనా ఎగరేసినవాళ్లు "పెద్దది ఎగరేయడమే తేలిక" అంటారు. అందులో అతిశయోక్తి లేదు.

అయితే బరువు సంగతి వేరు. పొడవు రెండింతలైతే రెక్క విస్తీర్ణం నాలుగింతలు అవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలు. ఐదు టన్నుల హాక్‌ను అన్ని విధాలా అచ్చంగా నాలుగో వంతు చేస్తే దాదాపు 80 కిలోలు తూగాలి. నిర్మాతలు గ్లాస్ ఫైబర్, కార్బన్ ఫైబర్, బాల్సా కర్రతో లోపలంతా బోలుగా కట్టి దాన్ని 25 కిలోల దరిదాపులకు తెస్తారు. ఈ పనిలో ఉన్న నేర్పు బయటికి కనపడదు. నా దృష్టిలో ఈ కళలో అన్నిటికంటే గౌరవించాల్సినది ఇదే. ఒక పక్క ప్రతి గ్రామునూ తగ్గించాలి, ఇంకో పక్క గంటకు 300 కిలోమీటర్ల గాలి దెబ్బకు రెక్క విరగకూడదు. రెక్కకు లోపల వెన్నెముకలా ఉండే దూలం ఎక్కడ మందంగా ఉండాలో, ఎక్కడ పల్చబడాలో నిర్ణయించడానికి చాలామంది నెలలు వెచ్చిస్తారు.

దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లినవాళ్లున్నారు. జర్మనీలో ఒక నిర్మాత ఎయిర్‌బస్ ఏ380ను పదిహేనో వంతుకు కట్టాడు. నాలుగు చిన్న జెట్ ఇంజిన్లు, ఐదు మీటర్లు దాటిన రెక్కలు, బరువు 71 కిలోలు. ఆస్ట్రియా నిర్మాతల కాంకార్డ్ ఆరో వంతుది, పొడవు పది మీటర్లు, బరువు 149 కిలోలు. పొరుగున జర్మనీ చట్టంలో 150 కిలోలు దాటితే అది మోడల్ విమానం లెక్కలోకి రాదు.

తన తిత్తిని తానే లాగుకునే కొలిమి

కమ్మరి కొలిమిని తలచుకోండి. నిప్పు రాజుకోవాలంటే తిత్తి ఊదాలి, తిత్తి ఊదాలంటే పక్కన ఒకరు కూర్చుని లాగాలి. జెట్ ఇంజిన్ అంటే తన తిత్తిని తానే లాగుకునే కొలిమి. ముందు భాగంలో ఒక చక్రం గాలిని పీల్చి, నొక్కి, లోపలికి తోస్తుంది. దాన్ని కంప్రెసర్ అంటారు. అది తిత్తి. నడిమి గదిలో కిరోసిన్ మండుతుంది. వేడికి ఉబ్బిన వాయువు వెనక్కి దూసుకుపోతూ దారిలో ఇంకో చక్రాన్ని తిప్పుతుంది. అది టర్బైన్. రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద బిగించి ఉంటాయి కాబట్టి వెనకది తిరిగితే ముందుది తిరుగుతుంది, మళ్లీ గాలి లోపలికి వస్తుంది, నిప్పు ఆరదు. తిత్తి లాగగా మిగిలిన బలం వెనక గొట్టం నుంచి బయటికి తన్నుకొచ్చి విమానాన్ని ముందుకు నెడుతుంది.

ప్రయాణికుల విమానాల ఇంజిన్లలో గాలిని నొక్కడానికి వరుసలు వరుసలుగా రెక్కల చక్రాలుంటాయి. వాటిని చెయ్యంత పరిమాణానికి కుదిస్తే పనిచేయవు. రెక్క కొసకూ చుట్టూ ఉన్న గోడకూ మధ్య ఎంతో కొంత సందు వదలక తప్పదు, ఇంజిన్ ఎంత చిన్నదైనా ఆ సందు అదే నిష్పత్తిలో తగ్గదు, నొక్కిన గాలంతా అందులోంచే వెనక్కి జారిపోతుంది. అందుకే నమూనా ఇంజిన్లు మళ్లీ మొదటికి వెళ్లాయి. 1930లలో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ విటిల్, జర్మనీలో హాన్స్ ఫాన్ ఒహైన్ తొలి జెట్ ఇంజిన్లలో వాడిన పద్ధతినే ఇవి వాడతాయి. మధ్యలో పీల్చిన గాలిని అంచు వైపు విసిరే ఒకే ఒక చక్రం. కారు, లారీ ఇంజిన్లలో టర్బోచార్జర్ ఉంటుంది కదా, దాని చక్రం కూడా ఈ జాతిదే. తొలి రోజుల్లో చాలామంది ఆ చక్రాలనే తెచ్చుకుని ఇంజిన్లు కట్టారు.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన మనిషి కుర్ట్ ష్రెక్లింగ్. 1980ల చివర్లో, చేతిలో పట్టే జెట్ ఇంజిన్ సాధ్యం కాదని ఇంజనీర్లే అంటున్న రోజుల్లో, ఈ జర్మన్ అభిమాని ఇంట్లో దొరికే పనిముట్లతో ఒకటి తయారుచేశాడు. అందులో కంప్రెసర్ చక్రం ప్లైవుడ్‌ది, కార్బన్ పోగులతో బిగించినది. టర్బైన్ చక్రాన్ని ఉక్కు రేకు కోసి రెక్కలను మెలితిప్పి చేశాడు. అది నడిచింది, విమానాన్ని ఎగరేసింది. ఎలా చేయాలో దాచుకోకుండా పుస్తకం రాసి అందరికీ ఇచ్చేశాడు. ఆ తర్వాత పదేళ్లలోపే దుకాణంలో కొనుక్కునే ఇంజిన్లు వచ్చాయి. ఈ రంగం ఒక పెద్ద సంస్థ ప్రయోగశాల నుంచి పుట్టలేదు, ఇంటి వర్క్‌షాపుల నుంచి పుట్టింది.

ఇప్పుడు ఆ చిన్న చక్రంలో ఏం జరుగుతుందో చూడండి. 66 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 1,20,000 సార్లు తిరిగితే దాని అంచు సెకనుకు 415 మీటర్ల వేగంతో కదులుతుంది. అది ధ్వని వేగం కంటే ఎక్కువ. ఆ అంచున ఉన్న ఒక్క గ్రాము లోహం బయటికి లాగే బలం అర టన్ను బరువుతో సమానం. వెనక నుంచి వచ్చే వాయువు వేడి దాదాపు 700 డిగ్రీలు. నిజానికి నిప్పు గర్భంలో వేడి ఇంకా చాలా ఎక్కువ. మంటలో కలవని గాలిని తర్వాత కలిపి, టర్బైన్ చక్రం కరిగిపోకుండా చల్లబరుస్తారు. ఆ చక్రం నికెల్ మిశ్రమ లోహంతో పోసినది. ఇరుసు బేరింగుల్లో పింగాణీ గుండ్లు ఉంటాయి. వాటికి వేరే నూనె పోయరు. కిరోసిన్‌లోనే ఇరవయ్యో వంతు నూనె కలుపుతారు, అందులో కొంచెం బేరింగుల గుండా వెళ్లి, ఆ తర్వాత మంటలో కలిసిపోతుంది.

30 కిలోల బలంతో నెట్టే ఇంజిన్ బరువు మూడు కిలోలు కూడా ఉండదు. దానికి బదులుగా అది నిమిషానికి సుమారు లీటరు కిరోసిన్ తాగుతుంది. అందుకే ఒక్కో ఎగురుడు ఏడెనిమిది నిమిషాలు మించదు. పెద్ద ఇంజిన్లు గాలిని నలభై రెట్లు, అంతకు మించి నొక్కగలిగితే ఇది మూడు నాలుగు రెట్లే నొక్కుతుంది. గాలి ఎంత తక్కువ నొక్కుకుపోతే ఇంధనం అంత వృథా. చిన్నదై ఉండటానికి కట్టే మూల్యం అది.

ఈ చిన్న ఇంజిన్లు అభిమానుల మైదానాలు దాటి వెళ్లాయి. మన రక్షణ పరిశోధన సంస్థ తయారుచేసిన అభ్యాస్ లాంటి లక్ష్య విమానాలు, అంటే క్షిపణులు గురి చూసి కొట్టడానికి ఎగరేసే మానవరహిత విమానాలు, చిన్న గ్యాస్ టర్బైన్‌తోనే ఎగురుతాయి. హైదరాబాద్‌లోనూ ఈ తరగతి ఇంజిన్లను దేశీయంగా తయారుచేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

కొలిమి పోలికలోనే ఈ ఇంజిన్‌కున్న పెద్ద లోపం కూడా ఉంది. నిప్పు పెరగాలంటే తిత్తి వేగం పెరగాలి, తిత్తి వేగం పెరగాలంటే నిప్పు పెరగాలి. ఒకదాని కోసం ఒకటి ఆగాలి. నెమ్మదిగా తిరుగుతున్న ఇంజిన్‌కు ఒక్కసారిగా ఎక్కువ కిరోసిన్ పంపితే చాలినంత గాలి లేక మంట వెనక్కి ఎగజిమ్ముతుంది, చక్రం వేడెక్కి పాడవుతుంది. అందుకని ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటరు ఇంధనాన్ని కొద్దికొద్దిగా పెంచుతుంది. థ్రాటిల్ పూర్తిగా తోసిన తర్వాత పూర్తి బలం రావడానికి మూడు నుంచి ఐదు సెకన్లు పడుతుంది. ఈ కొద్ది సెకన్ల ఆలస్యం దిగేటప్పుడు విమానాల ప్రాణం తీస్తుంది.

నేల మీద నిలబడిన పైలట్

నిజం విమానం నడిపేవాడికి శరీరమే ఒక పరికరం. వేగం తగ్గుతుంటే గాలి చప్పుడు మారుతుంది, రెక్క పట్టు తప్పబోతుంటే సీటు కింద వణుకు తెలుస్తుంది, మలుపు బిగుసుకుంటే ఒళ్లు బరువెక్కుతుంది. ట్రాన్స్‌మిటర్ పట్టుకుని నేల మీద నిలబడినవాడికి ఇవేవీ లేవు. అతనికున్నవి రెండు కళ్లు, రెండు బొటనవేళ్లు.

ఇందులో ఒక విచిత్రమైన స్వేచ్ఛ ఉంది. మనిషి లోపల ఉంటే స్పృహ తప్పేంత బిగువైన మలుపును ఈ విమానం చేయగలదు. భయం శరీరానికి చేరదు. అయినా గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది. ఎన్నో నెలల శ్రమ, లక్షల రూపాయలు, అన్నీ బొటనవేలి కింద ఉన్నాయన్న ఎరుక అది. చిన్నప్పుడు ఆకాశంలో జెట్ గీసిన తెల్ల గీతను చూస్తూ నిలబడినవాళ్లకు, దాన్ని తమ చేతులతో కట్టి తమ వేలితో తిప్పడమంటే ఏమిటో మాటల్లో చెప్పనక్కర్లేదు. 1990ల నుంచి రెండేళ్లకోసారి జరుగుతున్న జెట్ వరల్డ్ మాస్టర్స్ పోటీల్లో న్యాయనిర్ణేతలు ఎగరడంతో పాటు కింద నిలిపి ఉన్న విమానాన్నీ పరీక్షిస్తారు. అసలు విమానం ఫొటోలను పక్కన పెట్టుకుని రివెట్ల వరుస, చెరిగిన రంగు, మసి మరకలు పోల్చి చూస్తారు. అంత ప్రేమతో కట్టినదాన్ని మళ్లీ గాల్లోకి వదలడానికి గుండె ధైర్యం కావాలి.

కానీ కంటికీ ఒక హద్దు ఉంది. మూడు మీటర్ల విమానం 340 మీటర్ల దూరంలో ఉంటే మన కంటికి నిండు చందమామంతే కనపడుతుంది. గంటకు 290 కిలోమీటర్ల వేగంతో ఆ దూరం దాటడానికి నాలుగు సెకన్లు చాలు. సాయంత్రం వెలుగులో, మబ్బు నేపథ్యంలో, అది నల్లటి నీడగా మారుతుంది. మన వైపు వస్తోందా, వెళ్లిపోతోందా అన్నది తెలియదు. మన వైపు వస్తుంటే కుడి ఎడమలు తారుమారు. విమానం తన ఎడమకు తిరిగితే మనకు కుడికి తిరిగినట్టు కనపడుతుంది. అలవాటైన చేతికి ఇది ఆలోచన లేకుండా వచ్చేస్తుంది, ఒక్క క్షణం ఏమరుపాటులో పోతుంది కూడా. అందుకే భారీ జెట్ ఎగరేసేవాడి పక్కన తప్పనిసరిగా ఇంకొకరు నిలబడతారు. పైలట్ కన్ను విమానం మీద నుంచి కదలకూడదు కాబట్టి మిగతా ఆకాశాన్ని, రన్‌వేను, మనుషులను ఆయన చూస్తూ చెబుతుంటాడు.

అన్నిటికంటే మోసపూరితమైనది గాలి. గాలి వీచే దిశలోనే విమానం వెళ్తుంటే నేల మీద నుంచి చూసేవాడికి అది చాలా వేగంగా కనపడుతుంది. నిజానికి రెక్క మీదుగా పారే గాలి వేగం అంత ఉండదు. ఎక్కువ వేగంగా ఉందనుకుని పైలట్ థ్రాటిల్ తగ్గిస్తాడు. అప్పుడే దిగడానికి మలుపు తిప్పుతాడు. మలుపులో రెక్క మోయాల్సిన బరువు పెరుగుతుంది. 60 డిగ్రీలు వాలితే అది సరిగ్గా రెండింతలు. పారే గాలి చాలదు, ఒక రెక్క పట్టు తప్పుతుంది, విమానం ఆ వైపుకు బోర్లా పడుతుంది. దీన్నే స్టాల్ అంటారు. అప్పుడు థ్రాటిల్ ఎంత తోసినా కొలిమి రాజుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి, ఎత్తు అంత ఉండదు. ఇంగ్లండ్‌లో ఎనిమిది చిన్న టర్బైన్లతో, ఏడు మీటర్ల రెక్కలతో ఒక నిర్మాత కట్టిన బి-52 బాంబర్ నమూనా మలుపులో బాగా వాలిపోయి నేలకు కొట్టుకుని మంటల్లో కాలిపోయింది. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది. నేటి ట్రాన్స్‌మిటర్లు విమానం ముక్కున ఉన్న సన్నని గొట్టంతో గాలి వేగాన్ని కొలిచి పైలట్ చెవిలో అంకె చదువుతాయి. శరీరం చెప్పలేనిదాన్ని అవి చెబుతున్నాయి. దీన్ని విలాసంగా చూడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఏది విరుగుతుంది, ఎందుకు

మలుపు ఒక్కటే కాదు, దారి తప్పే చోట్లు ఇంకా ఉన్నాయి. కొన్ని మరీ చిన్నవి. కిరోసిన్ గొట్టంలో ఒక గాలి బుడగ చాలు. నిమిషానికి లీటరంటే సెకనుకు దాదాపు పదిహేడు మిల్లీలీటర్లు. మూడు నాలుగు మిల్లీలీటర్ల బుడగ వస్తే సెకనులో నాలుగో వంతు సేపు మంటకు ఇంధనం ఉండదు, మంట ఆరిపోతుంది. ఇక ఆ విమానం బరువైన గ్లైడరే. అందుకే అసలు ట్యాంకుకూ ఇంజిన్‌కూ నడుమ బుడగలను ఆపే చిన్న ట్యాంకు పెడతారు.

రెక్కల, తోక చివర ఉండే కదిలే భాగాలను తిప్పేది సర్వో అనే చిన్న మోటారు. దాని కడ్డీలో వెంట్రుకవాసి వదులుంటే మామూలు వేగంలో ఏమీ కాదు. వేగం పెరిగేకొద్దీ ఆ భాగం సన్నగా కొట్టుకోవడం మొదలెడుతుంది, గాలి దాని ప్రతి ఊపుకూ ఇంకొంచెం బలం ఇస్తుంది, సెకను తిరిగేలోగా తోక ఊడిపోతుంది. ఫ్లట్టర్ అనే ఈ జబ్బు పూర్తి పరిమాణ విమానాల తొలి దశాబ్దాల్లో ఎందరో పైలట్ల ప్రాణాలు తీసింది. నమూనాలకు కూడా అదే భౌతిక శాస్త్రం. మైదానంలో ప్రతి ఎగురుడుకు ముందు ఆ భాగాలను వేళ్లతో పట్టి కదిపి చూడటం చాదస్తంగా అనిపించవచ్చు. అలా చూడనివాళ్ల విమానాలను నేను నమ్మను.

రేడియో విషయంలో మాత్రం పరిస్థితి బాగుపడింది. పూర్వం ఒకే చానెల్ మీద ఇంకొకరు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే మీ విమానం కూలిపోయేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు చానెళ్లు మార్చుకుంటూ ఒకదానితో ఒకటి తగవు పడకుండా పనిచేస్తాయి. కాకపోతే కార్బన్ ఫైబర్ రేడియో తరంగాలను అడ్డుకుంటుంది కాబట్టి రిసీవర్ తీగలు ఎక్కడ పెట్టాలో తెలియాలి. పెద్ద జెట్లలో రెండు రిసీవర్లు, రెండు బ్యాటరీలు పెడతారు. సంకేతం తెగితే ఇంజిన్ తనంతట తానే తగ్గిపోయేలా లేదా ఆగిపోయేలా ముందే ఏర్పాటు చేసి ఉంచుతారు.

ఇవన్నీ చేసినా ఒకరోజు ఏదో ఒకటి కూలుతుంది. అప్పుడు ఏమవుతుంది? 25 కిలోల విమానం గంటకు 250 కిలోమీటర్ల వేగంతో ఉంటే, దాని తాకిడి అదే బరువును దాదాపు 245 మీటర్ల ఎత్తు నుంచి జారవిడిచినంత. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తుకు ఇది సుమారు రెండింతలు. వేగం రెండింతలైతే ఆ తాకిడి నాలుగింతలు. పైగా లోపల కొన్ని లీటర్ల కిరోసిన్, 700 డిగ్రీల లోహం, లిథియం బ్యాటరీలు. ఎండాకాలం ఎండుగడ్డిలో పడితే మంట ఎంత దూరం పాకుతుందో ఊహించవచ్చు. వేసవిలో కార్చిచ్చుల భయమున్న ప్రాంతాల్లో కొన్ని మైదానాలు ఆ నెలల్లో టర్బైన్లను పూర్తిగా ఆపేస్తాయి. మంటలార్పే సిలిండరు లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకపోవడం అన్నిచోట్లా మొదటి నియమం. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు చక్రానికి సరిగ్గా పక్కన నిలబడకూడదన్నది రెండోది. పగిలితే ముక్కలు వచ్చేది ఆ వైపుకే.

ప్రమాదం ఎవరిది

"మనిషి లేడు కదా" అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. నిజం యుద్ధవిమానంలో తప్పు చేసిన పైలట్ ఆ తప్పు ఫలితాన్ని తన ప్రాణంతో మోస్తాడు. ఆ భయమే అతన్ని జాగ్రత్తగా ఉంచుతుంది. ఇక్కడ పైలట్ రన్‌వే పక్కన నిలబడి ఉంటాడు. విమానం ఎవరి మీద పడుతుందన్నది అతని ప్రాణానికి సంబంధించిన సంగతి కాదు, చూడటానికి వచ్చిన కుటుంబానిది, పక్క పొలంలో పనిచేసేవాళ్లది. ఆ భయం పోయిన చోటును నియమాలతో నింపక తప్పదు. ఈ నియమాలను స్వేచ్ఛకు అడ్డుగా చూసే అభిమానులున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. ఈ అభిరుచి ఇన్నేళ్లు బతికింది ఆ నియమాల వల్లే.

అమెరికాలో టర్బైన్ ఎగరేయాలంటే అక్కడి మోడల్ విమానాల సంస్థ ఏఎంఏ నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. అనుభవజ్ఞుల ముందు ఎగరేసి చూపించాలి. వేగం గంటకు 200 మైళ్లు, అంటే సుమారు 322 కిలోమీటర్లు దాటకూడదు. ఈ హద్దు విలువ తెలియాలంటే ఇంజిన్ ఏం చేయగలదో తెలియాలి. 2017లో జర్మనీలోని బాలెన్‌ష్టెట్‌లో, వేగం కోసమే కట్టిన ఒక నమూనా జెట్ గంటకు 749 కిలోమీటర్లు అందుకుని గిన్నిస్ రికార్డు సాధించింది. బ్రిటన్‌లో 25 కిలోలు దాటిన నమూనాకు పద్ధతి ఇంకా కట్టుదిట్టం. కడుతున్నప్పుడే లార్జ్ మోడల్ అసోసియేషన్ పరీక్షకులు వచ్చి చూస్తారు. రెక్క మూసేశాక లోపలి దూలం ఎవరికీ కనపడదు కాబట్టి మూయకముందే చూడాలి. ఆ తర్వాత జనం లేనిచోట పరీక్షగా ఎగరేయాలి. అవన్నీ దాటాకే ప్రదర్శనకు అనుమతి.

మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనలు మోడల్ విమానాలను ప్రత్యేకంగా గుర్తించాయి. 25 కిలోలు మించకుండా, చదువుకో పరిశోధనకో వినోదానికో, కంటికి కనపడేంత దూరంలో ఎగరేసేదే మోడల్. ఆకుపచ్చ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 60 మీటర్లే. ఇప్పుడు మన హాక్‌ను ఈ గీతల మధ్య పెట్టి చూడండి. సెకనుకు 60 మీటర్ల వేగంతో అది ఒక మామూలు గుండ్రటి పల్టీ కొట్టాలంటే వృత్తం అడ్డుకొలతే 180 మీటర్ల దాకా అవుతుంది. 120 మీటర్ల కప్పు కింద అది పట్టదు. చదును రన్‌వే, చుట్టూ ఇళ్లు లేని ఒక కిలోమీటరు ఖాళీ నేల, పై ఎత్తుకు అనుమతి, ఈ మూడూ ఒకచోట దొరికే స్థలాలు హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల చుట్టూ ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో బాల్సా విమానాలతో మొదలుపెట్టిన కుర్రవాడు, కాలేజీలో ఎలక్ట్రిక్ ఫ్యాన్ జెట్ కట్టిన అమ్మాయి టర్బైన్ దాకా రావాలంటే వాళ్లకు ఇంజిన్ కంటే ముందు కావలసింది అలాంటి ఒక మైదానం, అక్కడ పక్కన నిలబడి ఆకాశం చూసి చెప్పే ఒక పెద్ద చెయ్యి. క్లబ్బులు తమ మైదానాలకు పై ఎత్తు అనుమతి అడగాలి, ప్రభుత్వం ఇవ్వాలి, దానితో పాటే మూడో పక్షానికి బీమా, ప్రేక్షకులకు గీత, మంటలార్పే ఏర్పాటు తప్పనిసరి చేయాలి.